ఊయల పరీక్ష

ఎవరి కంటా పడకుండా ఊయలను కాలేజీకి చేర్చాలని జిపార్ ఆ ఉదయం అనుకుంది. బిష్కెక్‌లో, అందులోనూ వాళ్ళ వీధిలో, అది అయ్యే పనేనా?

డిజైన్ డిగ్రీలో ఆమెకిది ఆఖరి పరీక్ష. నాలుగేళ్ళు వడ్రంగం, కంబళి పని, పిల్లల మనస్తత్వం, కంప్యూటరు అన్నీ కలిపి చదివి, ఒంటిచేత్తో మోయగల ఊయల చేసింది. "నిజం బిడ్డను పడుకోబెట్టి చూడాలి. లేకపోతే పాసు చేయను," అని మాస్టారు ముందే చెప్పాడు. పెళ్ళికాని పిల్ల ఒకరి బిడ్డను అరువడిగితే వీధి ఊరుకుంటుందా? ఆ భయంతో ఎవరినీ అడగలేదు. పాసు కాకపోతే ఏడాది పోతుంది.

గేటు దగ్గరే పక్కింటి బురుల్ ఎదురైంది. నిన్న రాత్రే నరిన్ ఊరి నుంచి వచ్చిన కూతురి కొడుకు ఆమె చంకలో గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"ఊయలెక్కడికే పిల్లా?"

"కాలేజీకి, పిన్నీ."

"కాలేజీలో పసిపిల్లలెవరున్నారే?"

ఖాళీ ఊయల కదిపితే దోషమని నాన్నమ్మ నమ్మకం; అది గడప దాటిందని తెలిస్తే ఊరుకోదు. "మా నాన్నమ్మకు మాత్రం చెప్పకండి!" అనేసి జిపార్ మార్ష్రుత్కా వ్యాను ఎక్కేసింది.

ఆ మాటే కొంప ముంచింది. బురుల్ తిన్నగా నాన్నమ్మ తోక్తోబుబు దగ్గరకే వెళ్ళింది. "నాకెందుకులే గానీ, పెద్దమ్మా..." అని మొదలుపెట్టి, మీ పిల్ల బిడ్డను కని కాలేజీలో దాచింది అని ముగించింది.

నాన్నమ్మ కాసేపు తల పట్టుకుని కూర్చుంది. తర్వాత లేచింది. "పుట్టినవాడు పుట్టాడు. మన రక్తం దిక్కులేనట్టు ఊయలెక్కుతుందా?" మేనత్తలిద్దరికీ ఫోన్లు వెళ్ళాయి. బొర్సోక్‌లు అనే పిండి బిళ్ళలు ఊయల వేడుక కోసం వేయించి మూట కట్టారు. దిష్టి పొగకు అర్చా చెట్టు ఎండుకొమ్మ పట్టుకున్నారు. వేడుక చూడకపోతే ఎలాగని బురుల్ కూడా మనవడితో సహా టాక్సీ ఎక్కింది.

అక్కడ మాస్టారు ఊయల చుట్టూ తిరుగుతున్నాడు. "ఏ బిడ్డనైనా పడుకోబెట్టావా?"

"లేదు మాస్టారూ, ఎవరినీ అడగలేకపోయాను," అంది జిపార్. మాస్టారు నిట్టూర్చి, ఊయలను ఊపి చూశాడు. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది.

"ఏమయ్యా! చదువుకున్నవాడివి, ఖాళీ ఊయల ఊపుతావా?"

"నాన్నమ్మా!"

"నీ సంగతి తర్వాత. బిడ్డేడీ?"

"ఏ బిడ్డ?"

"దొంగమాటలాపు. ముందు దోషం పోవాలి." నాన్నమ్మ అర్చా కొమ్మ వెలిగించి ఊయల చుట్టూ తిప్పింది. బురుల్ చంకలోని పిల్లాణ్ణి లాక్కుని అందులో పడుకోబెట్టి, పట్టీలు బిగించింది. పొగకు గోడమీది ఫైర్ అలారం గంట గణగణమంది. అందరూ చెవులు మూసుకున్నారు. పొద్దుట్నుంచీ ఏడుస్తున్నవాడు ఆ మోతలోనే ఆవులించి నిద్రపోయాడు.

ఎవరో గంట ఆపారు. మాస్టారు ఏదో అడగబోయాడు.

"ష్! లేచాడంటే నువ్వే ఎత్తుకోవాలి," అంది నాన్నమ్మ.

ఆయన నోరు మూసుకుని, పాసు మార్కు వేశాడు. జిపార్ అక్కడే నేలమీద కూలబడి ఏడ్చేసింది.

తిరుగుదారిలో అసలు సంగతి తెలిసి నాన్నమ్మ ఊపిరి పీల్చుకుంది. బొర్సోక్‌ల మూట చూసి కాస్త నిరాశపడింది కూడా. నిద్రపోతున్నవాణ్ణి లేపే ధైర్యం లేక బురుల్ వాణ్ణి జిపార్ ఊయలతో సహా ఇంటికి మోసుకెళ్ళింది. కిటికీల్లోంచి వీధంతా చూసింది.

జిపార్ కన్న బిడ్డను బురుల్ గుట్టుగా పెంచుకుంటోందని సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోయింది, ఒక్క బురుల్‌కు తప్ప.