అరిగిన వాషరు

సాహిత్యానికి కళ్లే కాదు, చెవులు కూడా ఉన్నాయని పేట గ్రంథాలయ కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ రోజు సమావేశానికి వచ్చింది కార్యదర్శి ఒక్కడే కాబట్టి ఏకగ్రీవానికి ఇబ్బంది కలగలేదు. కథ వినడానికి రమ్మని పిలిస్తే పదకొండు మంది వస్తున్నారు, అందులో ఏడుగురు తమ కథ చదవడానికి వచ్చినవాళ్లే. సంగీతం ఉందంటే కుర్చీలు చాలవు. కనుక ఇకమీదట కథ చదివే ప్రతి రచయిత పక్కనా ఒక వయొలిన్ మోగవలెనని, ఆ సాయంత్రానికి ‘కథాసంగీత సంధ్య’ అని పేరుండవలెనని కార్యదర్శి ప్రతిపాదించాడు, తానే బలపరిచాడు, తానే సంతకం పెట్టాడు.

మొదటి సంధ్యకు ఎంపికైన రచయిత తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ఇరవై రెండేళ్లుగా దుకాణాల్లో తక్కెళ్లూ రాళ్లూ పరీక్షించి ముద్ర వేసే ఉద్యోగం. గురివింద గింజంత తేడా ఉన్నా ముద్ర వేయడని పేరు. పన్నెండేళ్ల క్రితం ఆయన ఒక నవల రాశాడు. రాయడం ఆర్నెల్లు, అచ్చుకి తిరగడం పదేళ్లు. అచ్చయి రెండేళ్లయింది. ఐదువందల కాపీల్లో రెండే మిగిలాయని ఎవరడిగినా చెబుతాడు. అటక మీద ఉన్నవాటిని ఎవరూ అడగలేదు కాబట్టి వాటి సంగతి చెప్పలేదు.

నవలకు ముందుమాట రాసింది ముందుమాట మాస్టారు. పేటలో ఏ పుస్తకం వచ్చినా ముందుమాట ఆయనదే. పుస్తకంలో ఏముందో తెలిస్తే చెయ్యి ఆడదని ఆయన ఒకప్పుడు చనువుగా చెప్పారు, ఇన్‌స్పెక్టరు దాన్ని చమత్కారమనుకుని నవ్వాడు. బదులుగా మాస్టారి కవితా సంపుటి మీద పత్రికలో పెద్ద వ్యాసం రాశాడు. ప్రతి పంక్తీ గుండెను తాకిందన్నాడు. ఆ సంపుటి చుట్టిన కాగితం కూడా విప్పకుండా ఇప్పటికీ బీరువాలో ఉంది. ఇచ్చిపుచ్చుకోవడాలంటే ఇలాంటివే మరి.

సంధ్య బాగా జరిగితే మాస్టారు ఇన్‌స్పెక్టరుకి ‘కథాశిల్పి’ అనే బిరుదు ప్రకటిస్తారని కార్యదర్శి చెవిన వేశాడు. అంతే, ఆయనకు నిద్ర కరువైంది. బిరుదు మీద మోజు ఎంత ఉందో, అది అందుకునేటప్పుడు భార్య ఎదురుగా ఉండాలన్న పట్టుదల అంతకంటే ఎక్కువ ఉంది. ఆమె వీధి వైపు గదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఆయన సభలకు ఎప్పుడూ రాదు. పుస్తకం వచ్చిన కొత్తలో ఏదో చెప్పబోతే, ‘నీకు సాహిత్యం తెలీదులే’ అన్నాడట. ఆయనకు గుర్తులేదు.

సభకు రెండు రోజుల ముందు వయొలినాయన ఇంటికొచ్చాడు. పెళ్లిళ్లకూ సినిమా పాటల కచేరీలకూ వాయించే మనిషి. పనంటే పనే. తనకిచ్చిన కాపీని మొదటి నుంచి చివరి దాకా చదివి, ఎక్కడ ఏం వాయించాలో పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్నాడు. ఆ పుస్తకాన్ని పూర్తిగా చదివిన మనిషిని ఇన్‌స్పెక్టరు చూడటం అదే మొదలు. కాస్త కంగారు పడ్డాడు కూడా.

వయొలినాయన పేజీ తిప్పి, ‘ఎనభై ఒకటిలో ఆ మోటారు విప్పేచోట ఏం వాయించమంటారండీ?’ అన్నాడు.

మోటారా! ఇన్‌స్పెక్టరు మనసులో వెతుక్కున్నాడు. తన నవలలో మోటారు ఎక్కడుంది? రాసి పన్నెండేళ్లయింది. అచ్చయ్యాక మళ్లీ చదవలేదు. సొంత పుస్తకాన్ని మళ్లీ చదువుకోవడం చిన్న రచయితల పని అని పైకి అంటాడు గానీ, అచ్చుతప్పు కనబడితే తిండి సయించదని అసలు భయం. అలాగని రాసినవాడే పుస్తకం తెరిచి చూసుకుంటే ఎదుటివాడి ముందు పరువేం కాను? బహుశా కథానాయకుడి ఇంట్లో మోటారు ఉండే ఉంటుంది.

‘అక్కడ విషాదం వాయించండి,’ అన్నాడు గంభీరంగా. ‘మోటారంటే అది మోటారు కాదండీ.’

‘మరేమిటండీ?’

‘జీవితం.’

వయొలినాయన ఒక్కసారి ఆయన మొహంలోకి చూసి, పెద్దవాళ్ల మాటకు ఎదురెందుకన్నట్టు అంచున ‘విషాదం’ అని రాసుకుని వెళ్లిపోయాడు.

సంధ్య నాడు కుర్చీలు నిజంగానే చాలలేదు. గోడవారన నిలబడ్డవాళ్లు కూడా ఉన్నారు. మూడో వరుసలో, ఆయన బలవంతం మీద వచ్చిన భార్య కూర్చుంది. ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకుని తల్లి మరణ ఘట్టం అందుకున్నాడు. వయొలిన్ సన్నగా మొదలైంది. చదువుతూ ఉంటే ఆయనకే బాగుందనిపించింది. గది, మంచం, కిటికీ, తల్లి ఊపిరి. అది ఆయన సొంత తల్లి మరణమే. పుస్తకం మొత్తంలో కల్పించకుండా రాసింది ఆ ఒక్కటే.

‘అమ్మ కళ్లు తెరిచింది. కొడుకు వంగి చెవి ఆమె నోటి దగ్గర పెట్టాడు. నాయనా, అంది. నేను లేనప్పుడు...’

అక్కడికి ఎనభయ్యో పేజీ అయిపోయింది. ఆయన పేజీ తిప్పాడు.

‘...విద్యుత్ సరఫరా నిలిపివేసిన పిమ్మటనే మూత తెరువవలెను.’

నోటికి వచ్చేసింది. వెనక్కి తీసుకోవడానికి లేదు. కింద వాక్యం చూశాడు: ‘లోపల చేరిన మట్టిని మెత్తటి గుడ్డతో తుడవవలెను.’ పక్క పేజీలో ఓ బొమ్మ, బొమ్మ మీద బాణం గుర్తులు. గబగబా పేజీలు తిప్పాడు. పదహారు పేజీలూ నీళ్ల మోటారు మరమ్మతే. తొంభై ఏడు నుంచి మళ్లీ తన నవల.

అప్పుడర్థమైంది. ప్రెస్సులో పెద్ద కాగితం మీద పదహారు పేజీలు ఒక్కసారే అచ్చేసి మడుస్తారు, దాన్ని ఫారం అంటారు. ఆ వారమే అదే ప్రెస్సులో మోటారు మెకానిక్కుల చేతిపుస్తకం కూడా అచ్చవడం తాను చూశాడు, సైజు కూడా ఒకటే. కుట్టేటప్పుడు ఆరో ఫారం కట్టలు అటువి ఇటు, ఇటువి అటు వెళ్లిపోయాయి. ఐదువందల కాపీల్లోనూ తల్లి చనిపోవలసిన చోట మోటారు ఉంది. అది రెండేళ్లుగా ఉంది. ఈ రెండేళ్లలో ఆయనకు నలభై ఒక్క ప్రశంసా లేఖలు వచ్చాయి!

ఆపి, క్షమించండి, పొరపాటు జరిగిందని చెప్పవచ్చు. చెప్పాలనే తలెత్తాడు. వేదిక మీద మాస్టారు కళ్లు మూసుకుని తలూపుతున్నారు. ముందు వరుసలో ఒక పెద్దావిడ కళ్లు ఒత్తుకుంటోంది. పక్కన వయొలిన్ రాయి కరిగేలా విషాదం పలుకుతోంది. ఇరవై రెండేళ్లు ఒక్క తప్పుడు తక్కెడకూ ముద్ర వేయని ఇన్‌స్పెక్టరు, ఆ క్షణంలో వేశాడు.

గొంతు తగ్గించాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి వదిలాడు.

‘వాషరు... అరిగినచో... నీరు నిలువదు.’

హాల్లో ఒక నిట్టూర్పు లేచింది. ఎవరో ‘ఆహా’ అన్నారు. మూడో వరుసలో భార్య చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా కుమిలిపోతోంది. ఇన్నేళ్లలో తన రచనకు ఆమె ఏడవడం ఇదే మొదలు. రాసింది తాను కాకపోయినా చదివింది తానే కదా, గొంతులో ఏదో శక్తి ఉండి ఉంటుందని ఆయన సమాధానపడ్డాడు. మనిషి సిగ్గు పడవలసిన చోట కూడా తనకేమైనా గొప్పతనం దొరుకుతుందేమోనని వెతుక్కుంటాడు, అది ఆయనొక్కడి తప్పు కాదు.

చప్పట్లు ఆగాక మాస్టారు లేచారు. ‘అరిగిన వాషరు! ఎన్నిసార్లు చదివినా ఆ వాక్యం దగ్గర నా గొంతు పట్టేస్తుంది. నా ముందుమాటలో రాసింది ఈ ఘట్టం గురించే,’ అన్నారు. ఆ వాషరు మధ్యతరగతి మనిషేనని కార్యదర్శి వివరించాడు. కాదు, సమాజమని వెనక నుంచి ఇంకెవరో దిద్దారు. కాసేపు దాని మీద చర్చ కూడా జరిగింది. మాస్టారు ఒక్క పేజీ కూడా చదవలేదని ఇన్‌స్పెక్టరుకి అర్థమైంది. ఆ మాట అనాలంటే మాత్రం బీరువాలో విప్పని కట్ట గుర్తొచ్చింది. వంగి బిరుదు పుచ్చుకున్నాడు.

మెట్ల దగ్గర వయొలినాయన కలిసి, ఆ పేజీలు చూసుకునే తన ఇంటి మోటారు బాగుచేసుకున్నానని, సాహిత్యం బతుక్కి పనికిరాదనేవాళ్ల మాట ఇక నమ్మనని చెప్పి చేతులు పట్టుకున్నాడు. ఆ సభలో పుస్తకం వల్ల మేలు పొందింది అతనొక్కడే.

ఇంటికి నడుస్తూ ఇన్‌స్పెక్టరు భార్యతో అన్నాడు, ‘నువ్వు కూడా ఏడ్చావు.’

‘ఏడుపేమిటండీ, నవ్వు ఆపుకోలేక చచ్చాను. పుస్తకం వచ్చిన నాలుగో రోజే చెప్పాను కదా, మధ్యలో కుట్టు తేడాగా ఉంది, ఏదో మోటారు గురించి ఉందని. నీకు సాహిత్యం తెలీదన్నారు.’

ఆమె నాలుగడుగులు వేసి, ఈసారి నవ్వకుండా అడిగింది. ‘ఇంతకీ ఆవిడ ఏం చెప్పింది? నేను లేనప్పుడు, అని ఆగిపోయింది కదా. రెండేళ్ల నుంచి నాకదే మనసులో ఉంది.’

చెప్పబోయాడు. మాట తట్టలేదు. చేతిరాత ప్రతి ప్రెస్సుకిచ్చేశాడు, వాళ్లు చిత్తుకాగితాల్లో వేసేశారు. తల్లి ఆఖరి మాట అది. తన చెవిలోనే చెప్పింది. ఇల్లు చేరేదాకా వెతికాడు. ఎన్నో అందమైన మాటలు తోచాయి. అవి అంత అందంగా ఉన్నాయి కాబట్టే అవి కావని తెలుస్తోంది. ఆ సిగ్గు ముందు మోటారు సిగ్గు ఏపాటిది! నిజంగా జరిగిన ఒకే ఒక్క సంగతిని పుస్తకంలో పెట్టి, పెట్టేశాను కదా అని మర్చిపోయాడు.

రెండు వారాలకు బిరుదు పత్రం అద్దం కట్టించి మరీ పంపారు. ‘అరిగిన వాషరులో విశ్వవేదనను దర్శించిన కథాశిల్పికి’ అని బంగారు అక్షరాలు. కార్యదర్శి స్వయంగా వచ్చి ముందు గదిలో మేకు కొట్టి వేలాడదీసి వెళ్లాడు. ఆ మర్నాడే ఇంట్లో నీళ్ల మోటారు ఆగిపోయింది. పదహారు పేజీలు అంత భావయుక్తంగా చదివినవారు కాస్త చూడరాదా అని భార్య అడిగింది. ఆయన వినబడనట్టు వెళ్లి మెకానిక్కుని పిలుచుకొచ్చాడు.

మెకానిక్కు నడివయసు మనిషి. పెరట్లో గోనెపట్టా పరిచి, సామాన్లూ ఒక నల్లబడ్డ పుస్తకమూ పక్కన పెట్టుకున్నాడు. గాలికి పుస్తకం తెరుచుకుంది. ఇన్‌స్పెక్టరు చూపు దాని మీద పడింది. ఎనభై ఒకటి. నూనె వేలిముద్రల మధ్య మొదటి వరుస:

‘...ఆ వెనక తలుపు కొంచెం పైకెత్తి వెయ్యి. లేకపోతే గొళ్లెం పడదు.’

అదే. అదే మాట. ప్రాణం పోతూ ఆవిడ తలుపు గురించి చెప్పింది. ఇన్‌స్పెక్టరు వంగి ఆ వరుస మళ్లీ చదివాడు.

మెకానిక్కు చూసి, ‘అది మా పుస్తకంలో ఎలా చేరిందో తెలీదండీ,’ అన్నాడు. ‘వానాకాలం పని లేనప్పుడు మా షెడ్డులో ఒకడు చదివితే తక్కినవాళ్లం వింటాం. గట్టివాళ్లు కూడా కళ్లు తుడుచుకుంటారు. ఇప్పుడు మా షెడ్డు తలుపు బాగానే ఉన్నా అందరం కొంచెం పైకెత్తే వేస్తామండీ, అలవాటైపోయింది. రాసినాయన ఎవరో, కనిపిస్తే దణ్ణం పెట్టాలి.’

‘అది రాసింది నేనే,’ అన్నాడు ఇన్‌స్పెక్టరు.

మెకానిక్కు ఆయన్ని చూశాడు. తలుపులోంచి కనబడుతున్న అద్దం పటాన్ని చూశాడు. అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకే చదివాడు. మర్యాదస్తుడు కాబట్టి నవ్వలేదు.

‘ఊరుకోండి సార్. మీరు రాసేది వాషర్ల గురించని గోడ మీదే ఉంది కదా. ఇది రాసినాయన వేరు. ఆయనకి ఇలాంటి పటాలు అక్కర్లేదండీ.’ అని పుస్తకం జాగ్రత్తగా మూసి తన వైపు జరుపుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు ఆఖరి ఆశగా లోపలికి చూశాడు. భార్య మిషను దగ్గర సూదిలోకి దారం ఎక్కిస్తోంది.

‘నువ్వు చెప్పవే, రాసింది నేనే కదూ?’

ఆమె దారం లాగి ముడి వేసి, తలెత్తకుండా అంది.

‘నాకేం తెలుసండీ, నాకు సాహిత్యం తెలీదు కదా.’