తలుపు పిడి మీద పిప్

ఉదయం ఆరున్నరకు కళ్ళు తెరవగానే మార్నా గుండె గుభేలుమంది. రాత్రి పిప్‌ను కదపడం మరిచిపోయింది.

పిప్ అంటే ఎర్రటోపీ ఎల్ఫ్ బొమ్మ, శాంటా తాత దగ్గర పనిచేసే మాయ మరుగుజ్జు. డిసెంబరంతా పిల్లల కబుర్లు శాంటా తాతకు మోసి, తెల్లారేసరికి ఇంట్లో కొత్తచోట కొత్త అల్లరి చేస్తూ దొరకాలి. రోజూ రాత్రి పిల్లలు పడుకున్నాక చాటుగా చోటు మార్చేది మార్నాయే. అసలే నిన్న బడిలో ఎవడో "అదంతా మీ అమ్మ పనే" అన్నాడని ఐదేళ్ళ ఈలై రాత్రి తిండి ముట్టలేదు.

గబగబా మెట్లు దిగిన మార్నా నోరు తెరిచింది. పిప్ వీధితలుపు లోపలి పిడిని కాళ్ళూ చేతులూ చుట్టి పట్టుకుని, ఈలై మేజోడును మఫ్లరులా కట్టుకుని వేలాడుతున్నాడు.

"పరువు నిలబెట్టావు గ్లెన్!" అంది వంటింట్లో ఉన్న మొగుడితో గుసగుసగా.

ఎందుకో తెలియకపోయినా, వచ్చిన మెప్పును వెనక్కి పంపే అలవాటు గ్లెన్‌కు లేదు. "ఏదోలే," అన్నాడు.

బడి బస్సు వేళకు గ్లెన్ తలుపు మీద చెయ్యి వెయ్యబోయాడు.

"నాన్నా, ముట్టుకోకు! మాయ పోతుంది! పెద్దవాళ్ళు కూడా ముట్టుకోకూడదని అమ్మే చెప్పింది!" ఈలై కళ్ళలో నీళ్ళు.

పెరటి తలుపుకు అడ్డంగా నడుమెత్తు మంచు. "అయితే కిటికీయే గతి," అంది మార్నా.

గ్లెన్ ముందుగా కాళ్ళు బయటపెట్టాడు. సగంలో కోటు ఇరుక్కుంది. ఎదురింటి హెడ్విగ్ అవ్వకు కిటికీలో కొట్టుకుంటున్న రెండు కాళ్ళు కనిపించాయి. ఎవడో దొంగ తలదూర్చి లోపలికి పోతున్నాడని పోలీసులకు ఫోన్ చేసింది.

"మెల్లిగా బయటికి రావయ్యా," అన్నాడు వచ్చిన పోలీసు.

"రాలేకపోతున్నానండీ! ఇది మా ఇల్లే!"

"మీ ఇల్లయితే తలుపుందిగా?"

"తలుపు దగ్గర పిప్ ఉన్నాడండీ."

"అంటే లోపల ఇంకొకడున్నాడా?"

పోలీసు తలుపు అద్దంలోంచి తొంగిచూసి నిట్టూర్చాడు. "మా ఇంట్లో బొమ్మ నిన్న ఫ్రిజ్ పిడి పట్టుకుంది. మధ్యాహ్నం దాకా పాలు లేని కాఫీయే." గ్లెన్‌ను కాళ్ళు పట్టి లాగాడు. కోటు చిరిగింది. గ్లెన్ తన జేబులోని తాళంచెవితో బయటినుంచి తలుపు తెరిచాడు. పిప్‌ను ఎవరూ ముట్టుకోలేదు. బస్సు మాత్రం వెళ్ళిపోయింది.

ఈలై మొహం వెలిగిపోయింది. "అమ్మ పనే అయితే నాన్నను కిటికీలో ఇరికిస్తుందా? రేపు బడిలో వాడికి చెప్తాను!"

మార్నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. అప్పుడు తొమ్మిదేళ్ళ బ్రిట్టా తల్లి చెవి దగ్గరకు చేరింది. "అమ్మా, రాత్రి నీళ్ళకోసం లేస్తే పిప్ పాతచోటే ఉన్నాడు. తమ్ముడు ఏడుస్తాడని నేనే మార్చా."

"నా తల్లే! తలుపు పిడికే ఎందుకే?"

"ఇవాళ మొదటి గంట లెక్కల పరీక్షమ్మా."

తిట్టాలని నోరు తెరిచిన మార్నాకు మిగిలిన డిసెంబరంతా హాయిగా నిద్రపోవచ్చని తోచింది. తలుపులూ కాఫీ మిషనూ తప్ప ఎక్కడైనా సరేనని చెప్పి, పిప్ బాధ్యత కూతురికి అప్పగించింది.

గ్లెన్‌కిచ్చిన మెప్పును మాత్రం వెనక్కి తీసుకోలేదు. కోటు పోయాక ఆయనకు మిగిలింది అదొక్కటే.