గ్రిల్లెన్‌మోస్ చరిత్రలో ఒక క్రియాపదం

బవేరియాలోని గ్రిల్లెన్‌మోస్ గ్రామానికి తొమ్మిది వందల ఏళ్లు నిండాయి. జనాభా నాలుగు వందల పన్నెండు; ఆవులు అంతకు మించి. ఇంతటి ప్రాచీన గ్రామానికి అచ్చయిన చరిత్ర లేకపోవడం మానవాళికే తీరని లోటని గ్రామసభ ఏకగ్రీవంగా గుర్తించి, దాన్ని పూడ్చే భారాన్ని రిటైర్డ్ టీచరు మాగ్నస్ సెట్టెలెకు అప్పగించింది.

మాస్టారు రెండేళ్లు శ్రమించారు. దర్శనీయ స్థలాలకు కొదవ లేదు. చర్చి గోడలో స్వీడన్ సేనలు పేల్చిన ఫిరంగి గుండు ఉంది. అది రెండుసార్లు ఊడిపడితే, చారిత్రక స్పృహ గల తాపీమేస్త్రీ సిమెంటుతో మళ్లీ అతికించాడు. ఒక రాజుగారు గుర్రం దిగకుండానే నీళ్లు తాగి వెళ్లిన బావి ఉంది. అగ్నిమాపక దళం వారి భవనం ఉంది. చిక్కంతా ఆ భవనంతోనే వచ్చింది.

అది ఒకప్పుడు పశువుల వ్యాపారి జిగ్మండ్ లాండవర్ ఇల్లు. ఊళ్లో సగం ఆవులు ఆయన చేతి మీదుగా వచ్చినవే. ఆయన యూదుడు. "1938లో ఊరివాళ్లు ఆ కుటుంబం చేత ఇల్లు ఖాళీ చేయించారు" అని మాస్టారు రాశారు. ఆ ఊరివాళ్లలో తన తండ్రి పేరు కూడా రాశారు. అది రాశాక రెండు రోజులు కలం ముట్టలేదు.

రాతప్రతి చదివిన మేయర్ లియోన్‌హార్డ్ ఫోగ్లర్ పరుగున వచ్చారు.

"మాస్టారూ, మీరు రాసింది అబద్ధమనట్లేదు. కానీ 'ఖాళీ చేయించారు' ఎందుకండీ? 'ఖాళీ అయింది' అంటే సరిపోదూ?"

"ఇళ్లు వాటంతటవే ఖాళీ అవుతాయటోయ్, లియోన్‌హార్డ్?"

"తొమ్మిది వందల ఏళ్ల పండగపూట బ్యాండు మేళం, బీరు పీపాలు, జిల్లా అధికారిగారు... నాకు వ్యాకరణం నేర్పింది మీరే. ఒక్క క్రియ మార్చలేరా?"

"నేర్పాను కనకే చెప్తున్నా. క్రియ ఉంటే కర్త ఉండాల్సిందే. మార్చావో, పుస్తకం మీద నా పేరు తీసెయ్."

పండుగ పది రోజుల్లో ఉంది. ఊళ్లో చరిత్ర రాయగల రెండో మనిషి లేడు. పుస్తకం ఉన్నదున్నట్టుగా అచ్చయింది.

ఉత్సవం దివ్యంగా జరిగింది. "ప్రియమైన గ్రామస్థులారా! మన చరిత్ర తెరిచిన పుస్తకం!" అని మేయరు గారు ఉపన్యసించి, పుస్తకం తెరవకుండానే పైకెత్తి చూపించారు. సాయంత్రానికి ప్రతులన్నీ అమ్ముడుపోయాయి.

కిటికీ అద్దాలు పగులుతాయని మాస్టారు ఎదురుచూశారు. నెల గడిచినా ఒక్క రాయీ పడలేదు. ఫిర్యాదు మాత్రం ఒకటొచ్చింది: పశుప్రదర్శనలో మొదటి బహుమతి పొందిన ఆవు పేరు పుస్తకంలో ఫోటో కింద తప్పుగా పడిందట. గ్రామసభ అత్యవసరంగా సమావేశమై, తీవ్ర విచారం వ్యక్తం చేసి, సవరణ పత్రం ఇంటింటికీ పంచింది. పుస్తకం ఎవరూ చదవలేదు కాబోలని మాస్టారు దిగులుపడ్డారు.

ఒక ఆదివారం ఆయన బీరుశాలకు వెళ్లారు. అక్కడా ఆవు గొడవే.

"నోరులేని జీవికి ఎంత అన్యాయం చేశామండీ!" అని ఒక రైతు కళ్లు ఒత్తుకున్నాడు.

బల్ల మీద పడి ఉన్న పుస్తకాన్ని మాస్టారు చేతిలోకి తీసుకున్నారు. పట్టుకోగానే అది లాండవర్ ఇంటి పేజీ దగ్గర విచ్చుకుంది. మిగతా పేజీలన్నీ విప్పని కొత్త చొక్కాలా ఉన్నాయి. ఆ ఒక్కదాని అంచులే వేలిముద్రలతో నల్లబడ్డాయి.

ఆయన తలెత్తేసరికి అందరూ తమ తమ బీరు గ్లాసుల్లోకి చూస్తున్నారు.

"ఇంతకీ ఆ ఆవు పేరేంటన్నారు?" అని ఎవరో అడిగారు.

అందరూ ఒక్కసారిగా జవాబు చెప్పారు.