నీళ్లడగని మొక్కల సంఘం

కరువు మూడో ఏట అడుగుపెట్టిన శుభసందర్భంలో, ఆస్ట్రేలియాలో సముద్రానికి దూరంగా ఉన్న మా విరబిన్ ఊళ్లో నీళ్లడగని మొక్కల సంఘం దిగ్విజయంగా ఏర్పడింది. గులాబీలు చచ్చిన చోటల్లా బొద్దాకుల మొక్కలున్న చిన్న కుండీలు వెలిశాయి. ఆ మొక్క ఎండకు మాడదు, మంచుకు వడలదు, మనిషి కోసం ఎదురుచూడదు. కనుక దాన్ని కంటికి రెప్పలా కాపాడుకోవాలని సంఘం తీర్మానించింది.

అధ్యక్షురాలు గ్లెనిస్ నీడ జరిగినప్పుడల్లా కుండీలను తోపుడుబండిలో ఇంటిచుట్టూ ఊరేగిస్తుంది. ఆమె భర్త రంగుల కుంచెతో ఆకుల సందుల్లో దుమ్ము దులుపుతాడు. ఆయన తన బూట్లు దులుపుకోగా చూసినవారు లేరు. కార్యదర్శి నోరీన్ చలికాలానికి మొక్కలకు ఊలు టోపీలు అల్లింది. దొంగిలించిన పిలకే బాగా నాటుకుంటుందని మా అందరి నమ్మకం. అందుకే ఒకరింటికొకరం టీకి వెళ్లేటప్పుడు పెద్ద సంచులు తీసుకెళ్తాం. స్నేహాలు అలా వేళ్లూనాయి.

ఇంత సజావుగా సాగుతుండగా డల్సీ ఒక చిక్కు తెచ్చిపెట్టింది. ఒంటరి ముసలావిడ. మా అందరికీ మొదటి పిలకలు అడక్కుండానే పంచింది ఆవిడే. కళ్లకు పొరలు కమ్మాయట, ఎడమకంట్లో ఒత్తిడి కూడా ముదిరిందట. మంగళవారం నగరంలో ఆపరేషనట, అది తప్పితే ఎడమకన్ను దక్కదట. బస్సేమో గురువారం గాని రాదు. ఎవరైనా కారులో తీసుకెళ్తారా అని సమావేశంలో అడిగింది.

మా సంఘం మొక్కల ప్రదర్శన కూడా ఆ మంగళవారమే. గ్లెనిస్ కారు నిండా కుండీలు. నోరీన్ కారులో టోపీలు. మిగిలినవాళ్లం కేకు పళ్లేల వైపు చూశాం.

"నీకేం డల్సక్కా, గట్టి పిండానివి," అంది గ్లెనిస్ భుజం తట్టి. "అచ్చం మన మొక్కవే. నీళ్లు పొయ్యకపోయినా నవ్వుతూనే ఉంటావు."

చప్పట్లు మోగాయి. మేటి మొక్కకిచ్చే ఆ ఏటి ఓర్పు బహుమతి కప్పు డల్సీకి ఏకగ్రీవంగా ఇచ్చాం.

ఆవిడ కప్పును వేళ్లతో తడిమి చూసుకుంది. "అది నవ్వడం కాదే గ్లెనిస్. ఒంట్లో దాచుకున్న నీళ్లు తనే తాగుతూ బతుకుతుంది. ఆకు ముడత పడేదాకా మీకు తెలీదు."

చాలామంది కళ్లు తుడుచుకున్నారు. అప్పటికప్పుడే అత్యవసర తీర్మానం చేశాం: వారం వారం కారులో ఇంటింటికీ వెళ్లి ప్రతి మొక్క ఆకూ ముట్టి చూడాలి.

డల్సీ ఎడమకన్ను పోయింది. తీర్మానం మాత్రం అమలవుతోంది. ఆవిడ గుమ్మంలోనూ కుండీలున్నాయి గనుక ప్రతి మంగళవారం తప్పకుండా వెళ్తున్నాం. లోపల్నుంచి "ఎవరమ్మా?" అని వినిపిస్తుంది.

"నీ మొక్కల్ని చూడ్డానికొచ్చాంలే అక్కా, నువ్వు లేవకు," అని చెప్పి వచ్చేస్తాం.