మొదటి అధ్యాయంలోనే పోయే అమ్మానాన్నలు

ఈ మధ్య టీనేజీ పిల్లల కోసం వస్తున్న ఫాంటసీ నవలల్లో అమ్మానాన్నలు పన్నెండో పేజీ దాటకుండా చచ్చిపోతున్నారు. ఇది చాలా మంచి పద్ధతి. ఇంతకంటే గొప్ప సంస్కరణ సాహిత్యంలో ఇంకోటి రాలేదని నేను ఏ వేదిక ఎక్కమంటే ఆ వేదిక ఎక్కి చెప్తాను.

అప్పుడే కోప్పడకండి. మీరే ఆలోచించండి. పదహారేళ్ళ పిల్ల కత్తి పట్టుకుని డ్రాగన్ మీదికి బయల్దేరాలి. వాళ్ళమ్మ బతికుంటే ఏం చేస్తుంది? గుమ్మానికి అడ్డం నిలబడి స్వెటర్ వేసుకున్నావా అంటుంది. నాన్న బతికుంటే ఎవరెవరు వెళ్తున్నారు, వాళ్ళ ఫోన్ నంబర్లు రాసిచ్చి కదులు అంటాడు. ఇంక ఆ రాజ్యం బాగుపడినట్టే!

రచయితలకి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే ఓడ ముంచేస్తారు, ఇల్లు తగలబెడతారు, మరీ తీరిక లేకపోతే విషజ్వరం తెప్పిస్తారు. ఒక నవలలో తల్లీ తండ్రీ ఒకే వాక్యంలో పోయారు. ఆ వాక్యంలోనే గుర్రం కూడా పోయింది. గుర్రం గురించి తర్వాత రెండు పేజీలు ఏడుపు ఉంది.

ఇవన్నీ నీకెలా తెలుసని అడుగుతారు. చదివాను! కళ్ళజోళ్ళ షాపు నడుపుకునే యాభై ఏళ్ళవాణ్ణి, ఆరు వారాల్లో ఏడు పుస్తకాలు చదివాను. దానికో కారణం ఉంది.

మాకు ఒక్కతే కూతురు. పదిహేనేళ్ళు. చిన్నప్పుడు నోరు మూతపడేది కాదు. ఇప్పుడు నాతో మాట్లాడేది రోజుకి మూడు మాటలు: ఊఁ, తెలీదు, తర్వాత. పుస్తకం చేతిలో ఉంటే ఆ మూడూ కూడా ఉండవు. మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. "వయసు అలాంటిది, వదిలెయ్యండి" అంటుంది. తనతో మాత్రం పిల్ల గంటలు గంటలు కబుర్లు చెప్తుంది. మరి నాతో ఏం వచ్చింది? దాని మనసులో ఏముందో తెలుసుకోవాలంటే అది చదివేదేదో నేనూ చదవాలని తీర్మానించుకున్నాను.

మా లైబ్రరీలో టీనేజీ పిల్లల గది వేరు. పందొమ్మిదేళ్ళు దాటినవాళ్ళకి ఆ పుస్తకాలివ్వరు. ఒక కార్డు మీద రెండు పుస్తకాలిస్తారు. మా అమ్మాయి ఒక్కటే తెచ్చుకుంటుంది. రెండోది నేను "అమ్మాయి కోసమండీ" అని చెప్పి తెచ్చుకోవడం మొదలుపెట్టాను. మా అమ్మాయి తిరిగిచ్చేసిన పుస్తకాన్నే, మర్నాడు షాపుకి వెళ్తూ వెళ్తూ పట్టుకెళ్ళేవాణ్ణి.

ఆ గదికి ఒక రూలుంది. ప్రతి పుస్తకం వెనక అట్టకి లోపల ఒక కాగితం అంటించి ఉంటుంది. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు అందులో కనీసం రెండు లైన్ల అభిప్రాయం రాసి, కింద కార్డు నంబరు వెయ్యాలి. పేరు అక్కర్లేదు. రాయకపోతే ఇంకో పుస్తకం ఇవ్వరు. అభిప్రాయాలు రాయమంటే నాకు పండగే కదా! పైన ఎవరేం రాశారో చూసే అలవాటు నాకు లేదు. ఖాళీ ఎక్కడుందో చూసి రాసేసేవాణ్ణి.

ఇక పుస్తకాల సంగతి. మొదట మ్యాప్ ఉంటుంది. ఆ మ్యాపులో ఉన్న ఊళ్ళ పేర్లు పలకాలంటే ముందు గొంతు సరిచేసుకోవాలి. తర్వాత చేతి మీద పుట్టుమచ్చ ఉన్న అమ్మాయి వస్తుంది. లోకాన్ని రక్షించడానికి ఆ మచ్చ ఒక్కటే అర్హత, ఇంటర్వ్యూ కూడా లేదు. తర్వాత బూడిదరంగు కళ్ళ రాకుమారుడు. మూడొందల పేజీల దాకా ఆ అమ్మాయిని చంపాలని తిరుగుతాడు, నాలుగొందలో పేజీలో కట్టు కడతాడు. ఏడొందల పేజీలయ్యాక, సరిగ్గా కోట తలుపు తెరుచుకునే సమయానికి, మిగతాది రెండో భాగంలో అంటారు. ఇంతసేపూ ఎవరూ స్నానానికి వెళ్ళరు.

నేనేమైనా ఊరుకున్నానా? "రాకుమారుడికి స్థిరమైన పని ఏమీ ఉన్నట్టు లేదు, అమ్మాయి తొందరపడకూడదు" అని ఒకదాంట్లో రాశాను. "మంచులో నలభై రోజులు ప్రయాణం చేస్తే గుర్రాలకి మేత ఎవరు పెట్టారు?" అని ఇంకోదాంట్లో. "కథానాయిక చీకట్లో శాసనాలు చదువుతోంది, కంటి పరీక్ష అవసరం" అని మూడోదాంట్లో. కింద మా అమ్మాయి కార్డు నంబరు, రెండు వందల పద్నాలుగు.

ఆఖర్న గ్రాఫిక్ నవల, అంటే బొమ్మల్లోనే కథ నడిచేది, ఒకటి పట్టాను. అందులో మాటలు తక్కువ, వాన ఎక్కువ. నాలుగు పేజీల పాటు వాన తప్ప ఏమీ లేదు. టీ చల్లారేలోపు, పదకొండు నిమిషాల్లో, పుస్తకం అయిపోయింది. ఇదే పుస్తకాన్ని మా అమ్మాయి మూడు రోజులు చదివింది. పిల్లకి చూపు మందగించిందన్నమాట!

వెంటనే షాపుకి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టాను. ఎదురుగా అక్షరాల బోర్డు వెలిగించాను. పైనుంచి కింది లైను దాకా తడబడకుండా చదివింది. చూపుకేం లోటు లేదు. నిజం చెప్పొద్దూ, ఆర్నెల్లలో అది నా ఎదురుగా కూర్చుని అంతసేపు నోరు విప్పడం అదే మొదటిసారి. ఇంకో కన్ను కూడా మూసి రెండుసార్లు చదివించాను.

ఇంతలో కొంప మునిగింది. లైబ్రేరియన్ గారు ఒకరోజు నన్ను పక్కకి పిలిచారు. "అమ్మాయి ఇంట్లో బాగానే ఉంటోందాండీ? ఈ మధ్య రాతల్లో ఏదో ముసలితనం కనబడుతోంది. పైగా ఒకే పుస్తకం గురించి రెండుసార్లు రాస్తోంది. రెండోది మొదటిదానికి పూర్తిగా వ్యతిరేకం" అన్నారామె. ఆ గదికొచ్చే పిల్లలందరూ రెండు వందల పద్నాలుగుకి ముసలి మంత్రగత్తె అని పేరు పెట్టారట. ఆ నంబరు ఎవరిదో ఆ వారమే మా అమ్మాయి స్నేహితురాలు కనిపెట్టేసింది.

ఆ సాయంత్రం మా అమ్మాయి తిన్నగా షాపుకే వచ్చింది. కస్టమర్ ఉన్నాడని కూడా చూడలేదు. ఇరవై నిమిషాలు ఆపకుండా నన్ను కడిగేసింది. క్లాసులో తలెత్తుకోలేకపోతున్నానంది. ఆ రాకుమారుడికి పని లేకపోవడమేంటి, అతను సరిహద్దు కాపలా కాస్తాడని నూట పదో పేజీలో ఉందంది. గుర్రాలు మంచుగడ్డి తింటాయంది. నేను తల వంచుకుని నిలబడ్డాను గానీ, లోపల నా ఆనందం అంతా ఇంతా కాదు. ఇరవై నిమిషాలు! చూశారా, ఈ పుస్తకాల వల్ల ఎంత మేలో అని మీకు రాద్దామని అప్పుడే అనుకున్నాను.

చివర్లో గొంతు తగ్గించింది. "పైన నేను రాసింది చదివావా, నాన్నా?" అంది.

"ఎక్కడ పైన?" అన్నాను.

సంచి తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు లైబ్రరీకి వెళ్ళి ఏడు పుస్తకాలూ బల్ల మీద పరుచుకున్నాను. ప్రతి కాగితంలోనూ నా రాతకి సరిగ్గా పైన దాని రాత. రెండు లైన్లు కాదు, పది లైన్లు, పన్నెండు లైన్లు. దేనికి భయపడిందో, ఎక్కడ ఏడుపొచ్చిందో, తనైతే ఏం చేసేదో, అన్నీ రాసింది. పిల్ల మనసులో ఏముందో తెలుసుకోవాలని ఆరు వారాలు తిరిగిన మనిషిని, అరంగుళం పైన ఉన్నది చూసుకోకుండా కింద గుర్రాల మేత గురించి రాసుకుంటూ వచ్చాను.

గ్రాఫిక్ నవల కాగితం ఆఖర్న చూశాను. "ఇందులో వాళ్ళ నాన్న చచ్చిపోడు. రోజూ ఇంట్లోనే ఉంటాడు. ఒక్క బొమ్మలో కూడా ఇటు తిరగడు" అని ఉంది. దాని కింద నా చేత్తో రాసింది: "వాన ఎక్కువ."

పుస్తకం తెరిచాను. నిజమే. నీలం చొక్కా మనిషి ప్రతి పేజీలోనూ ఉన్నాడు. ఎవరికో ఏదో చెప్తూనే ఉన్నాడు. ముఖం మాత్రం ఎక్కడా గీయలేదు. పదకొండు నిమిషాల్లో నాకు ఆ మనిషి అసలు కనబడనే లేదు. మిగతా రచయితలు మనల్ని పన్నెండో పేజీలో చంపుతున్నది కక్షతో కాదేమో. పిల్లలు ఇంట్లో చూస్తున్నదాన్ని కొంచెం తొందరగా ముగిస్తున్నారంతే.

ఈసారి లైబ్రేరియన్ గారికి అబద్ధం చెప్పలేదు. నా కోసమే అన్నాను. ఆమె రూలు పక్కన పెట్టి, ముద్ర వేసి ఇచ్చారు. ఇంటికెళ్ళి మా అమ్మాయి గది తలుపు కొట్టాను. దీన్నెలా చదవాలో నాకు తెలీలేదు, చూపిస్తావా తల్లీ అన్నాను. మంచం మీద కొంచెం పక్కకి జరిగింది.

నాలుగు రోజులైంది. పందొమ్మిదో పేజీలో ఉన్నాం. పుస్తకం అయ్యేదాకా నేను అభిప్రాయం చెప్పకూడదని షరతు పెట్టింది. ఒప్పుకున్నాను. చాలా కష్టంగా ఉంది.