వీరనారి ప్యాకింగు

ఆ ఆదివారం పొద్దున్న ప్యాకరుగారి పథకం చాలా చిన్నది. కాఫీ తాగేసి, భార్యకు కవచం తొడిగి, కత్తి చేతికిచ్చి, మధ్యాహ్నం నాటకానికి దగ్గరుండి తీసుకెళ్ళడం. అంతే.

ఆయన పార్సిల్ గోడౌన్‌లో పనిచేస్తాడు. ఆయన చేతి మీదుగా వెళ్ళిన పెట్టె దారిలో ఊడిందన్న మాట ఇంతవరకూ ఎవరి నోటా రాలేదు. ఒక వరస టేపు చాలన్నచోట ఆయన మూడు వరసలు వేస్తాడు. గోడౌన్‌లో కుర్రకారు ఆయన్ని 'సీలు మావయ్య' అంటారు. వింటే కోప్పడకపోగా ఛాతీ విరుచుకుంటాడు.

ఆయన భార్య కంటి ఆసుపత్రిలో ఫోన్లెత్తే ఉద్యోగి. "ఒక్క నిమిషం లైన్లో ఉండండి" అని ఎంత మెత్తగా అంటుందంటే, అవతలివాళ్ళు కూడా గొంతు తగ్గించేస్తారు. ఆసుపత్రివాళ్ళు వేసే నాటకాల్లో ఏటా ఆవిడకి తెర వెనక నిలబడి డైలాగులు అందించే పని ఇచ్చేవారు. అందరి మాటలూ ఆవిడకి కంఠతా వచ్చు. ఆవిడ మొహం మాత్రం జనం చూసింది లేదు, పాపం.

ఈ ఏడు కోట కాపలా కాసే వీరనారి వేషం దొరికింది. ఒకే ఒక్క మాట: "నేనుండగా ఈ గడప దాటలేవు!" అది అనగానే శత్రు సేనాపతి పొడుస్తాడు, ఆవిడ పడిపోతుంది. సేనాపతి వేషం దర్శకుడిదే. "మీ గొంతు మూడో వరస దాటదేమోనమ్మా. ఈసారికి చూద్దాం, కుదరకపోతే మళ్ళీ తెర వెనక్కే" అని ఆయన ముందే తేల్చేశాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ ఆవిడకి తిండి సయించడం లేదు.

అది చూడలేకే ప్యాకరుగారు నడుం బిగించాడు. అట్టపెట్టెలు, ఫోమ్ షీట్లు, వెండి రంగు డబ్బా హాలంతా పరుచుకున్నాయి. కర్టెన్ రాడ్డు కత్తి అయింది, కిటికీ బోసిపోయింది.

"ఒరే, నా చిల్లుల గిన్నె ఏదిరా?" అని వంటింట్లోంచి తల్లి కేకేసింది.

"నీ కోడలి నెత్తిన ఉందమ్మా."

"ఉండనీ. మరి గరిటె?"

"కత్తికి పిడి అయింది."

భార్య మాత్రం బొమ్మలా నిలబడి కవచం కట్టించుకుంటోంది. "ఏమండీ, కాస్త వదులుగా చుట్టండి."

"వదులుగా చుడితే స్టేజీ మీద ఊడి చస్తుంది. నా పరువేం కావాలి?" అంటూ ఆయన ప్రతి అతుకుకీ మూడు వరసల టేపు వేశాడు. పొడిచినా భార్యకి దెబ్బ తగలకూడదని లోపల బుడగల షీటు పరిచాడు. పైన వెండి రంగు పూశాడు. చేతులు ఊరుకోక, అలవాటు కొద్దీ వీపు మీద ఒక స్టిక్కరు కూడా అంటించాడు. దూరంగా జరిగి చూసుకుంటే ఆయనకే కళ్ళు చెమర్చాయి.

"బ్రహ్మాండం! ఏదీ, ఒకసారి చచ్చిపడు చూద్దాం."

ఆవిడ ప్రయత్నించింది. నడుం వంగలేదు. మోకాళ్ళు అసలే వంగలేదు. లోపల బుడగలు మాత్రం టపటపా పేలాయి.

"ఏమండీ, పడలేకపోతున్నాను."

"కాస్త బలం పెట్టు."

"చావడానికి బలమేంటండీ!"

"వెనకాల విప్పి నడుం దగ్గర కత్తిరించరా," అంది తల్లి.

ప్యాకరుగారు భార్య చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. ఇంకొకటి చేశాడు. "విప్పే చోటు పెట్టలేదమ్మా," అన్నాడు నీరసంగా. "పార్సిలుకి మనం పెట్టం కదా."

మొత్తం కోసి మళ్ళీ కట్టే వ్యవధి లేదు. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "ఇక తెర వెనకేనండీ నా బతుకు." తీరా చూస్తే టాక్సీలో కూర్చోడానికీ ఆవిడ నడుం వంగదు. చేసేది లేక గోడౌన్ వ్యాను పిలిపించి, భార్యని వెనకాల ఒత్తిగిల్లేలా పడుకోబెట్టి, తల్లితో పాటు ముందు ఎక్కాడు.

హాలు దగ్గర దిగగానే, కవచం సంగతి ముందే చెప్పుకుందామని దర్శకుడి కోసం లోపలికి పరిగెత్తాడు. తల్లి వెళ్ళి ముందు వరసలో చోటు చూసుకుంది. ఈలోగా సెట్టు సామాన్లు మోసేవాళ్ళు వచ్చి వ్యాను తలుపు తీశారు. వెండి విగ్రహం, దాని వీపు మీద 'పగిలే వస్తువు, జాగ్రత్త' అన్న స్టిక్కరు.

"విగ్రహమొచ్చింది, మెల్లగా పట్టండ్రా!"

"బాబూ, నేను మనిషిని," అంది ఆవిడ, ఫోన్లో మాట్లాడే గొంతుతో. ఎవరికి వినపడుతుంది? పసిపాపని మోసినట్టు మోసుకెళ్ళి కోట గుమ్మం పక్కన నిలబెట్టారు. దర్శకుడు దొరక్క ప్యాకరుగారు వెనక్కి వచ్చేసరికి వ్యాను ఖాళీ. భార్యని వెతుక్కుంటూ ఆయన గేటు వైపు పరిగెత్తాడు. అంతలో తెర లేచింది.

సేనాపతి కత్తి దూసి వచ్చాడు. ఆవిడ గొణిగింది. "నేనుండగా ఈ గడప..."

"వినపడ్డం లేదు!" అని వెనక వరసలోంచి ఎవరో అరిచారు.

సేనాపతి ఆగలేదు, పొడిచేశాడు. టపటపటప! జనం గొల్లుమన్నారు. ఆవిడ పడలేదు. మళ్ళీ పొడిచాడు. ఆయన కత్తే వంగిపోయింది.

"పడండమ్మా, పడండి!" అన్నాడు పళ్ళ బిగువున.

"పడలేనండీ!"

ఆ కంగారులో దర్శకుడు తన తరవాతి మాట మర్చిపోయాడు. అలవాటుగా తెర పక్కకి చూశాడు. అక్కడ ఎవరుంటారు? ఏటా అక్కడుండే మనిషి ఇప్పుడు ఎదురుగా కవచంలో ఉంది. ఆవిడకి జాలేసింది. "'ఈ కోట ఇక నాది' అనాలండీ మీరు," అని అందించింది.

"ఈ కోట ఇక నాది," అన్నాడాయన బుద్ధిగా.

అది వినగానే ఆవిడకి ఒళ్ళు మండింది. తను ఇంకా నిలబడే ఉందాయె! కోట ఆయనదెలా అవుతుంది? కర్టెన్ రాడ్డు పైకెత్తి, "నేనుండగా ఈ గడప దాటలేవు!" అని గర్జించింది. ఆ గొంతు చివరి వరస దాటి, గేటు దగ్గర వెతుకుతున్న ప్యాకరుగారి దాకా వెళ్ళింది. ఇన్నేళ్ళూ ఇంట్లో ఈ గొంతు ఎక్కడ దాచుకుందా అని ఆయన ఉన్నచోటే నిలబడిపోయాడు. అదిరిపడి వెనక్కి అడుగేసిన సేనాపతి మెట్టు తప్పి వెల్లకిలా పడ్డాడు. చప్పట్లు ఆగకపోవడంతో తెర దించేయాల్సి వచ్చింది.

ఆ తరవాత దర్శకుడు నడుం పట్టుకుని వచ్చాడు. "వచ్చే నాటకంలో మీరు చావక్కర్లేదమ్మా," అని మూలుగుతూ కుర్చీలో కూలబడ్డాడు. ప్యాకరుగారు భార్యకి గీత పడకుండా ఒక్కొక్క టేపే కోస్తున్నాడు. ఆవిడ ఆయన చేతిని పట్టుకుని, "నా మాట వినపడిందాండీ?" అని అడిగింది. ఆయన తలూపాడు. చివరికి వీపు మీది స్టిక్కరు ఊడి చేతికొచ్చింది.

"దీన్నేం చెయ్యనమ్మా?" అన్నాడు తల్లితో.

తల్లి మూలుగుతున్న దర్శకుడి వైపు ఒకసారి చూసింది. "అడ్రసు తప్పు పడిందిరా. తీసుకెళ్ళి ఆయనకి అంటించు."