కొల్గూ మహారాజు తొలి దండయాత్ర

కొల్గూ మహారాజు ఏలుబడిలో ఒక్క ప్రాణి కూడా పస్తుండలేదు. ఐర్లండులో కొండకో రాజున్న ఆ రోజుల్లో ఇంత మాట చెప్పుకోగల రాజ్యం ఇంకోటి లేదు.

ఏలుబడి మూడోరోజు పొద్దున్నే లస్సార్ వచ్చి రాజుగారి గుమ్మంలో పస్తు కూర్చుంది. (ఆమెను లెక్కలో వేయలేదు.) గుమ్మంలో మనిషి పస్తుండగా లోపల రాజు ముద్ద మింగితే రాజరికం పోతుందని చట్టం. కాబట్టి రాజుగారూ పస్తే. (ఆయన్నీ వేయలేదు.)

లస్సార్ రాజుగారిని పెంచిన తల్లి. తగువు ఆవు గురించి. కొత్త రాజు పొరుగు రాజ్యం మీద పడి పశువుల్ని తోలుకొస్తేనే రాజు కింద లెక్క. కొల్గూ వెళ్ళాడు. పొగమంచులో కొండ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, మహా పరాక్రమంతో లస్సార్ దొడ్లో ఆవును తోలుకొచ్చాడు.

"ఒరే కొల్గూ, నా ఆవు నాకిచ్చెయ్."

"ఇస్తే సొంతూరి మీదే దండెత్తానని ఒప్పుకున్నట్టు గదమ్మా! రాజునెలా అవుతాను?"

"నిన్ను చూసి అది అంబా అన్నప్పుడైనా అనుమానం రాలేదట్రా?"

"లొంగిపోతోందనుకున్నా."

లోపల గుండిగలో పంది మాంసం ఉడుకుతోంది. పస్తు రెండోరోజుకి రాజుగారికి కళ్ళు తిరిగాయి. అప్పుడు పెత్తందారు దూనఖద్ ఉపాయం కనిపెట్టాడు.

"లస్సార్ దొడ్డిని పరాయి దేశంగా ప్రకటిద్దాం ప్రభూ. దండయాత్ర సక్రమమవుతుంది. పరాయివాళ్ళ పస్తు మనకి చెల్లదు."

మఠం నుంచి వచ్చిన రాతగాడు వెంటనే రాసేశాడు. రాజుగారు ముక్క నోటిదాకా తెచ్చారు.

"అయితే ఆ దేశానికి రాజెవరయ్యా?" అంది లస్సార్.

దూనఖద్ బుర్ర గోక్కున్నాడు. "దొడ్డి నీది గనక... నువ్వేనమ్మా." (ఆడది ఏలకూడదనేది మన చట్టం. ఆమెది పరాయి దేశం.)

"మరి నా తొలి దండయాత్ర మిగిలిపోయిందే!"

లేచి తన ఆవునీ, రాజుగారి ఆబోతునీ తోలుకుపోయింది. మాంసం గుండిగ కూడా వదల్లేదు. (కాపలావాళ్ళు ఆపలేదు. సగంమంది ఆమె చేతిలో పెరిగినవాళ్ళే. మిగతా సగం గుండిగ మోశారు.)

మర్నాడు పదకొండు ఇళ్ళవాళ్ళు గుమ్మంలో పస్తు కూర్చుని పరాయి దేశాలైపోయారు. పన్నెండోది, రాజ్యంలో ఆఖరిదీ దూనఖద్ ఇల్లే.

ఆ రాతగాణ్ణి నేనే. నిన్న లస్సార్ రాజ్యంలో పాలు తాగుతుంటే సరిహద్దు గోడ మీంచి రాజుగారు పట్టుకున్నారు. "ఒక్క ప్రాణి కూడా పస్తుండలేదని రాశావట. మరి నేనేంటయ్యా?"

అబద్ధమేనని మూతి తుడుచుకుని ఒప్పుకున్నాను. 'ప్రజలెవరూ పస్తు లేరు' అని దిద్దాను. ప్రజలెవరూ లేరు కాబట్టి సరిపోయింది.